పరీక్షించి నమ్ముట: ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారి చరిత్రము

పసుపును సున్నమును కలిపిన ఎఱ్ఱనగునని కామారెడ్డి జిల్లాయందలి పెద్దకొడప్‌గల్ మొదలుకొని సముద్రతీరమునందలి కాకినాడ వఱకును ప్రతి తెలుగింటి స్త్రీయు నెఱుగును. ఆ ఎఱుపునే పారాణియని పాదములకు పెట్టుదుము. కాని అట్లేల యగుచున్నదని బాలుడు ప్రశ్నించినచో మన ఇండ్లలో సాధారణముగా దొరకు ప్రత్యుత్తరము అది అంతే యనుట. అంతే యను ఈ మాటయే విద్యకు మొదటి శత్రువు. ఆ శత్రువుతో 47 సంవత్సరములు పాఠశాలయందు నిలిచి పోరాడిన ఒక ఉపాధ్యాయుని చరిత్రమును చదువరులకు విన్నవింతుము.

ప్రఫుల్లచంద్ర రాయ్ గారు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదిని వంగదేశమున, నేటి బంగ్లాదేశములోని ఖుల్నా ప్రాంతమునకు చేరిన రారులి గ్రామమున జన్మించిరి. తండ్రియగు హరిశ్చంద్ర రాయ్ గారు పుస్తకప్రియులు. స్వగ్రామమున బాలికలకు సైతము చదువు చెప్పింపవలెనని పూనిన ఉదారులు. బాలుడు కలకత్తాలోని హేర్ పాఠశాలయందు చదువుచుండగా 1874వ సంవత్సరమున తీవ్రమైన గ్రహణిరోగము సంభవించి, బడి మాని ఇంట నుండవలసి వచ్చెను. రోగము దేహమును జీవితాంతము బలహీనపఱచినను బుద్ధికి మేలే చేసెను. ఏ ఉపాధ్యాయుని బెత్తమును లేక, తండ్రి గ్రంథాలయములో తనకు నచ్చినది తాను చదువుకొని, తన సందేహమును తానే తీర్చుకొను అలవాటు ఆయనకు అప్పుడే కలిగెను. పిమ్మట కలకత్తాకు మరలి వచ్చి, ఆల్బర్ట్ పాఠశాలయందు చేరి, కేశవచంద్రసేనుగారి ఉపన్యాసములు వినుచు బ్రహ్మసమాజ మార్గమున నడచెను.

విద్యాసాగరులవారి మెట్రొపాలిటన్ కళాశాలలో చదువు కాలమున ఆయన ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి పెడ్లరు దొరగారి రసాయనశాస్త్ర పాఠములను వినుచుండెను. బల్లమీద దొరగారు చేసి చూపిన ప్రయోగములు ఆ యువకుని మనస్సును హరించెను. చూచుటతో తృప్తి లేదు, తానే చేయవలెను. అందుచే ఒక సహాధ్యాయుని బసలో చిన్న ప్రయోగశాలను పెట్టుకొనిరి. ఒకనాడు తగరపుపూత గల పలుచని రేకుతో, ఆమ్లజనిని ఉదజనిని కలిపి మండించు ఊదుగొట్టమును తామే చేసి వెలిగింపగా, అది భయంకరధ్వనితో ప్రేలెను. దైవానుగ్రహమున ఎవ్వరికిని గాయము కాలేదు. ప్రయోగమున స్వేచ్ఛ యెంత అవసరమో జాగ్రత్తయు అంతే అవసరమని ఆ ప్రేలుడు నేర్పెను. కాని అది ఆయన ఉత్సాహమును తగ్గింపజాలక పోయెను.

1882వ సంవత్సరమున గిల్‌క్రిస్టు విద్యార్థివేతనమును గెలిచి ఆయన ఎడింబరో నగరమునకు పోయెను. అంతకు కొన్ని యేండ్లకు పూర్వమే అఘోరనాథ చట్టోపాధ్యాయుగారు ఆ విశ్వవిద్యాలయమునందే రసాయనశాస్త్రములో డాక్టరు పట్టమును పొంది, నైజాము రాజ్యమునకు వచ్చి, హైదరాబాదులో నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయమును నడపిరి. సరోజినీదేవి తండ్రిగారు వీరే. ప్రఫుల్లచంద్రులవారు 1887లో అదే పట్టమును పొంది, మరుసటి యేట స్వదేశమునకు మరలివచ్చిరి. డాక్టరు పట్టము గల విద్వాంసునకు సర్కారువారు తగిన ఉద్యోగము నీయలేదు. ఒక సంవత్సరమునకు సమీపమైన కాలము వేచియుండిన పిమ్మట, 1889లో ప్రెసిడెన్సీ కళాశాలయందు నెలకు 250 రూపాయల జీతముపై తాత్కాలికోపాధ్యాయ పదవి లభించెను. ఉన్నతశ్రేణి పదవులు తెల్లవారికే దక్కుచుండిన కాలమది.

జీతము కొద్దియైనను బోధనమున లోపము చేయలేదు. పై తరగతులకంటె క్రొత్తగా చేరిన బాలురకు బోధించుటయే ఆయనకు ప్రీతి. పచ్చిమట్టియే కోరిన రూపమునకు వచ్చునని ఆయన యెంచెను. అవసరమైనచోట వంగభాషలోనే విషయమును వివరించుచు, ప్రతి మాటకును ప్రయోగమును సాక్షిగా నిలిపెడివారు. శిష్యులు తరతరములుగా చెప్పుకొను వృత్తాంతము ఒకటి గలదు. ఎముకను తాకినంతనే మైలయని స్నానమాడు కుటుంబముల బాలురు కూర్చుండిన తరగతిలో ఆయన ఎముకను కాల్చిన తెల్లని బూడిదను చేతబట్టుకొనెను. మాంసము, మజ్జ, జిగురు అన్నియు అగ్నిలో దహించిపోగా మిగిలినది ఖటికమును భాస్వరమును ఆమ్లజనియు చేరిన లవణమే; ఇందులో జంతువును లేదు, జాతియును లేదు అని వివరించి, ఆ బూడిదను చిటికెడు తన నోట వేసికొనెను. వంద ఉపన్యాసములు చేయలేని పనిని ఆ చిటికెడు బూడిద చేసెను.

ఆయన పరీక్షలు ప్రయోగశాల గోడలలోనే ఆగిపోలేదు. కలకత్తా బజారులో అమ్మెడు నేయి, ఆవనూనె కల్తీయని అందఱును అనుచుండిరి. కల్తీయనుట సులభము, నిరూపించుట యెట్లు? శుద్ధమైనదాని గుణములు కొలిచి తెలిసికొననిదే అశుద్ధమైనదానిని పట్టుట యసాధ్యము. కావున ఆయన తన యెదుటనే ఆవును పిదికించి, వెన్న తీయించి, నేయి కాచించెను; తన యెదుటనే ఆవాలను గానుగాడించెను. వాని గుణములను కొలిచి, వానితో బజారు సరకును సరిపోల్చెను. ఈ పనికి మూడేండ్లు పట్టెను. ఫలితములు 1894లో ప్రకటింపబడెను. నేరము మోపుటకు ముందు సత్యమునకు కొలత కావలెనను నీతి ఇందు గలదు.

పాదరసముపై నత్రికామ్లమును ప్రయోగించినప్పుడు తాను ఎదురుచూడని పసుపుపచ్చ స్ఫటికములు కానవచ్చెను. మఱియొకరైన పాత్ర కడిగివేసి యుందురు. ఆయన ఊహను విడిచి ద్రవ్యమునే ప్రశ్నించెను. అది అంతవఱకు ఎవ్వరును ఎఱుగని పాదరస లవణమని తేలెను. 1896లో ఈ విషయము లోకమునకు వెల్లడియయ్యెను. గురువు స్వయముగా ఇట్లు నేర్చుకొనుచుండగా చూచిన శిష్యులలోనివారే మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు, జ్ఞానచంద్ర ఘోషు, నీలరతన ధరు మొదలగు ప్రసిద్ధులు.

1901లో బెంగాల్ కెమికల్ కర్మాగారమును పరిమిత సంఘముగా నిలిపిన ఆ చేతులే 1923వ సంవత్సరము డిసెంబరులో మన కాకినాడయందు ఖద్దరు ప్రదర్శనమును ప్రారంభించెను. 1916లో విజ్ఞానకళాశాలకు మాఱి, 1936 వఱకు అందు బోధించెను. 1921 మొదలు తన జీతమునంతయు విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టెను. వివాహమాడలేదు, కళాశాలలోని ఒక్క గదియే గృహము, శిష్యులే సంతానము. ఆ గదియందే 1944వ సంవత్సరము జూన్ 16వ తేదిని కన్నుమూసెను.

చదువరులారా, ఈ మహనీయుని మార్గమున నడచుటకు గాజుపాత్రలు, ధనరాశులు అక్కఱలేదు. పెద్దకొడప్‌గల్ బడిలోని ఉపాధ్యాయుడు పసుపునీటిని ఐదు గిన్నెలలో పోయించుగాక. ఒకదానిలో సున్నపుతేట, ఒకదానిలో చాకలిసోడా, ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో చక్కెర వేయించి, ఐదవదానిని ఏమియు కలుపక విడువవలెను. ఏ గిన్నె ఎఱ్ఱనగునో పిల్లలు ముందుగా పలకపై వ్రాయవలెను. పిమ్మట కలిపి చూడవలెను. సున్నమే గాక సోడాయు ఎఱుపు తెచ్చును. ఉప్పును చక్కెరయు తేవు. ఎఱుపెక్కినదానిలో నిమ్మరసము పిండిన మరల పచ్చనగును. అప్పుడు బాలుడు క్షారమునకును ఆమ్లమునకును గల భేదమును ఎవ్వరి మాటమీదను గాక తన కన్నులమీద ఆధారపడి తెలిసికొనును. తాను ముందు వ్రాసినది తప్పైనచో సిగ్గుపడక కొట్టివేయుటయు నేర్చుకొనును. ఆ తప్పును కొట్టివేయగల ధైర్యమును బాలునకు ఈయని చదువు ఎంత చదివినను కంఠపాఠమే యగును.