బెర్తా బెంజ్

యంత్ర మెంత పెద్దదైనను దాని నడక చిన్న చిన్న భాగములపై ఆధారపడి యుండును. ఒక తీగ మీది తొడుగు అరిగిపోయినచో వేలకొలది రూపాయల విలువగల బండి నడిదారిలో నిలిచిపోవును. అట్టి చిన్న లోపమును తానే కనుగొని, చేతనున్న వస్తువుతోనే దానిని సరిచేసికొని, మోటారు బండిపై మొట్టమొదటి దూరప్రయాణమును సాగించిన ధీరురాలు బెర్తా బెంజ్.

ఆమె 1849వ సంవత్సరము మే 3వ తేదీన, నేటి జర్మనీ దేశములోని ఫోర్ట్స్‌హైమ్ పట్టణమున జన్మించెను. తండ్రి వడ్రంగమునందును గృహనిర్మాణమునందును ఆరితేరి, కలిగిన గృహస్థుగా పేరొందినవాడు. మగబిడ్డకై ఎదురుచూచుచున్న ఆయన, మరల ఆడపిల్లయే పుట్టినదని ఇంటి బైబిలు గ్రంథములో విచారముతో వ్రాసికొనెను. బెర్తా పెరిగి ఆ వ్రాతను చూచి మిక్కిలి నొచ్చుకొనెనని చెప్పుదురు. ఆ రోజులలో ఆ ప్రాంతమున స్త్రీలకు విశ్వవిద్యాలయముల తలుపులు తెఱచి యుండలేదు. అయినను బాలికకు యంత్రముల యెడ ఆసక్తి మెండు. ఆవిరిబండి ఎట్లు నడచునో తండ్రివలన విని తెలిసికొని సంతోషించుచుండెను.

1869లో ఒక విహారయాత్రయందు ఆమెకు కార్ల్ బెంజ్ అను యువకునితో పరిచయము కలిగెను. అతడు కార్ల్స్‌రూహ్ నగరమున ఇంజనీరింగు విద్య నేర్చినవాడు; చేత ధనము లేనివాడు. గుఱ్ఱములు లేకుండ తనంతట తాను కదలు బండిని నిర్మింపవలెనని అతని కోరిక. తక్కినవారికి అది పగటికలగా తోచెను. బెర్తా మాత్రము దానిని నమ్మెను. కార్ల్ మన్‌హైమ్ నగరమున ఒక భాగస్వామితో కలిసి కర్మాగారమును పెట్టగా, ఆ పొత్తు చెడిపోయెను. అప్పుడు బెర్తా తన వివాహమునకై ఉంచిన కట్నపు సొమ్మును పెండ్లికి ముందే తండ్రియొద్దనుండి తీసికొని, భాగస్వామి వాటాను కొనుటకు వినియోగించెను. కార్ల్ ప్రయత్నము విఫలమైనచో ఆ సొమ్ము తిరిగివచ్చు మార్గము లేదు. ఆ సంగతి ఎఱిగియే ఆమె ఆ సాహసము చేసెను.

1872వ సంవత్సరము జూలై నెలలో వారి వివాహము జరిగెను. తరువాతి సంవత్సరములు కడగండ్లతో గడచెను. బిడ్డలు పుట్టిరి, అప్పులు పెరిగెను, ఇంజను మాత్రము తిరుగలేదు. 1879వ సంవత్సరము చివరి రాత్రి భోజనమైన పిదప, మరియొక్కమాఱు ప్రయత్నింతమని బెర్తా భర్తను కర్మాగారమునకు తీసికొనిపోయెను. ఆ రాత్రి ఇంజను మొదటిసారిగా ఆగకుండ చప్పుడు చేయుచు తిరుగసాగెను. ఆ చప్పుడు వారిరువురికి సంగీతమై తోచెను.

ఆ ఇంజనును మెఱుగుపఱచి, మూడు చక్రముల బండిలో అమర్చి, 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన కార్ల్ దానికై పేటెంటు కోరెను. పేటెంటు అతని పేరనే లభించెను. ఆ జూలై నెలలో బండి మన్‌హైమ్ వీధులలో జనుల యెదుట నడచెను. కాని కొనువారు లేరైరి. కొందఱు భయపడిరి, కొందఱు నవ్విరి. ఊరిలో కొంతదూరము పోయివచ్చు ఆటవస్తువేగాని ఊరూరికి పోగల వాహనము కాదని పలువురు తలంచిరి. కార్ల్ స్వభావముచేత వెనుకాడువాడు. ఇంకను సరిదిద్దవలసినవి కలవని బండిని కర్మాగారముననే ఉంచుకొనెను. ఇట్లే ఉన్నచో తమ పదునాఱేండ్ల శ్రమ వ్యర్థమగునని బెర్తా గ్రహించెను. లోకమునకు మాటలు చాలవు, ప్రత్యక్ష నిదర్శనము కావలెనని ఆమె నిశ్చయించెను.

1888వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒకనాటి ఉదయమున, భర్త మేల్కొనకముందే, ఆమె తన కుమారులతో బండి నెక్కి బయలుదేరెను. పెద్దవాడు ఆయిగెన్‌కు పదునైదేండ్లు. చిన్నవాడు రిచర్డ్‌కు పదుమూడేండ్లు. ఫోర్ట్స్‌హైములో నున్న తల్లిని చూచివచ్చుటయే ప్రయాణమునకు చెప్పుకొనదగిన కారణము. దూరము నూఱు కిలోమీటర్లకు పైబడినది. దారి గుఱ్ఱపుబండ్లకై ఏర్పడినది. నేటివలె పెట్రోలు బంకులుగాని, బండ్లు బాగుచేయు షెడ్డులుగాని ఆనాడు లేవు.

మొదట ఇంధనము తగ్గిపోయెను. వీస్‌లోఖ్ అను ఊరిలో మందుల దుకాణము కనబడగా బెర్తా అచట బండి నాపించెను. బట్టలమీది మరకలు తుడుచుటకు వాడు లిగ్రోయిన్ అను తేలిక నూనె అచట దొరకెను. ఇంజనునకును అదియే ఇంధనము. ఆ దుకాణమును ప్రపంచములోని మొదటి పెట్రోలు బంకుగా నేటికిని చెప్పుకొందురు. కొంతదూరము పోవునప్పటికి ఇంధనము వచ్చు గొట్టములో మలినము అడ్డుపడెను. ఆమె తన టోపీని జుట్టునకు బిగించుకొను పొడవైన సూదిని తీసి, గొట్టమును శుభ్రము చేసెను.

అంతకంటె చిక్కైన లోపము మరియొకటి తలయెత్తెను. అది నిప్పురవ్వను పుట్టించు తీగకు సంబంధించినది. బాలబాలికలారా! ఆ తీగ పని ఏమో ఇచట తెలిసికొనుట మంచిది. ఇంజను లోపల ఇంధనపు ఆవిరియు గాలియు కలిసి యుండును. దానిని మండించుటకు సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ కావలెను. బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తు తీగచుట్టలో బలమును పుంజుకొని, తీగద్వారా స్పార్కు ప్లగ్గును చేరి, దాని కొనల నడుమనున్న సందును దాటునప్పుడు ఆ రవ్వ పుట్టును. ఆ రవ్వవలన వాయువు మండి, పిస్టనును నెట్టగా చక్రములు కదలును. తీగచుట్టును విద్యుత్తును బయటికి పోనీయని తొడుగు ఉండవలెను. ఆ తొడుగు అరిగి, లోపలి లోహము బండి ఇనుమును తాకినచో, విద్యుత్తు ఆ దగ్గరి దారినే పట్టి పోవును. ప్లగ్గువద్ద రవ్వ పుట్టదు; ఇంజను మూగవోవును.

బెర్తా బండికి పట్టిన రోగము ఇదియే. దారి కుదుపులలో రాచుకొని రాచుకొని తీగ తొడుగు అరిగిపోయెను. కొత్త తీగ తెచ్చుటకు ఆ దారిలో దుకాణము లేదు. వెనుకకు మఱలినచో, నవ్వినవారి మాటయే నిజమగును. ఆమె తొందరపడక, లోపమున్న చోటును వెదకి పట్టుకొనెను. మేజోడు జారకుండ కట్టుకొను పట్టీని విప్పి, బట్టబయలైన తీగచుట్టును బిగించెను. తీగకు ఇనుమునకు ఎడము కలిగెను, రవ్వ మరల పుట్టెను, బండి కదలెను.

కష్టములు అంతటితో తీరలేదు. గొలుసు సాగిపోగా ఒక కమ్మరి దానిని సరిచేసెను. ఎత్తైన దారులలో ఇంజను బలము చాలక, కుమారులు దిగి బండిని నెట్టవలసివచ్చెను. పల్లములలో చెక్క బ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెను. ఇంజనును చల్లబఱచుటకు దారిపొడుగున నీరు నింపుచునే యుండిరి. ఎట్టకేలకు ప్రొద్దు గ్రుంకు వేళకు ఫోర్ట్స్‌హైము చేరి, క్షేమముగా వచ్చితిమని కార్ల్‌నకు తంతి వార్త పంపిరి. కొన్నిదినముల పిదప అదే బండిపై ఇంటికి తిరిగివచ్చిరి.

బెర్తా ఇంటికి వచ్చి విజయమును చాటుకొనుటతో సరిపుచ్చలేదు. దారిలో ఏ భాగ మెచట విఫలమైనదో భర్తకు వివరించెను. ఎత్తు లెక్కుటకు మరియొక గేరు కావలెనని చెప్పగా కార్ల్ దానిని అమర్చెను. ఆ సంవత్సరమే మ్యూనిక్ నగర ప్రదర్శనమున బెంజ్ బండికి స్వర్ణపతకము లభించెను. 19వ శతాబ్దము ముగియునాటికి వారి సంస్థ ప్రపంచములోని మోటారు బండ్ల సంస్థలలో అగ్రస్థానమున నిలిచెను.

కార్ల్ 1929లో గతించెను. 1944వ సంవత్సరము మే 3వ తేదీన, తొంబదియైదవ జన్మదినమున, భర్త చదివిన కార్ల్స్‌రూహ్ విద్యాసంస్థ ఆమెకు గౌరవ సభ్యత్వము నొసగి సన్మానించెను. రెండు దినముల తరువాత లాడెన్‌బుర్గ్ పట్టణమున ఆమె కన్నుమూసెను. ఆమె పయనించిన దారి 2008వ సంవత్సరమునుండి ఆమె పేరిట స్మారకమార్గమై వెలయుచున్నది. ఆడపిల్లయని విచారించిన తండ్రి వ్రాత ఒక పుటలో ఉండిపోయెను; కుమార్తె వ్రాసిన వ్రాత నేల పొడుగున నిలిచెను.

నేటి క్రొత్త కార్లలో అనేకమునకు ప్రతి ప్లగ్గు మీదను తీగచుట్ట ఉండుటచేత పొడవైన తీగల అవసరము లేదు. పాత కార్లలో మాత్రము ఆ తీగలు నేటికిని ఉన్నవి. ఇంజను వేడికి వాని తొడుగు గట్టిపడి పగుళ్లు పాఱును. వర్షపు ఉదయమున ఆ పగుళ్లలో తేమ చేరగా ఇంజను తడబడును. తెలిసిన మెకానిక్కు ఇంజను నాపి, చల్లాఱనిచ్చి, పాత తీగ నొక్కదానిని తీసి, ఆ స్థానముననే క్రొత్తదానిని బిగించి, తరువాతనే రెండవదానిని ముట్టును. అన్నిటిని ఒక్కసారి పెఱికినచో ఏ తీగ ఏ ప్లగ్గుదో తెలియక వరుస తప్పును. ఓర్పుతో లోపమును వెదకుట, ఉన్నచోటనే దానిని సరిచేయుట, మరల ముందునకు సాగుట: బెర్తా బెంజ్ ఆనాడు దారిలో చేసిన పని ఇదియే.