సంగీత విదుషి మార్గరెట్ కజిన్స్

ప్రతిదినం విద్యాలయాలలో జనగణమన గీతం వినిపిస్తుంది. పూర్తిగా ఆలపించడానికి దాదాపు 52 సెకన్లు పట్టే ఆ గీతానికి పదాలను, బాణీని సమకూర్చినవాడు విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు అని విద్యార్థులందరికీ తెలుసు. అయితే ఆ బాణీకి పాశ్చాత్య స్వరలిపిలో రూపం కల్పించిన చోటు రాయలసీమలోని మదనపల్లె అని తెలిసినవారు తక్కువ. తంబళ్లపల్లె, పుంగనూరు వంటి ప్రాంతాల ప్రజలు నిత్యవ్యవహారాలకు వచ్చిపోయే ఆ ఊరిలో, ఒక కళాశాల ప్రాంగణంలో, ఆ పని చేసిన చేతులు ఒక ఐర్లండు మహిళవని తెలిసినవారు మరీ తక్కువ. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. సంగీతంలో పట్టం పొంది, ఉద్యమాన్నే జీవితంగా స్వీకరించి, న్యాయపీఠాన్నీ కారాగారాన్నీ కూడా చూసిన అరుదైన వ్యక్తి ఆమె.

మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లండులోని బాయిల్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి న్యాయస్థానంలో ఉద్యోగి. పెద్ద కుటుంబంలో ఆమె తొలి సంతానం. ఇంటికి పెద్ద కూతురిగా పుట్టిన పిల్లకు చదువుకంటే ముందు బాధ్యతలు తెలియడం ఏ దేశంలోనైనా సహజమే. మగపిల్లలకు లభించే స్వేచ్ఛ ఆడపిల్లలకు ఎందుకు లభించదన్న ప్రశ్న చిన్ననాడే ఆమె మనస్సులో నాటుకొన్నది. ఉపకార వేతనం సంపాదించి డెర్రీ నగరంలోని బాలికల పాఠశాలలో చేరింది. పిదప 1898లో డబ్లిన్ నగరంలోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ప్రవేశించి, 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండు నుండి సంగీతంలో పట్టభద్రురాలైంది.

ఆమె సాధన చేసిన వాద్యం పియానో. వీణ మీద వేలు జార్చి ఒక స్వరం నుండి మరొక స్వరానికి గమకంతో చేరుకోవచ్చు. పియానోలో ఆ అవకాశం లేదు. ప్రతి మెట్టుకూ ఒక స్థిరమైన స్వరస్థానం ఉంటుంది. ఎన్నో స్వరాలను ఒకేసారి పలికించి వాటి మధ్య పొందికను సాధించడం ఆ వాద్యం ప్రత్యేకత. దానిని నేర్చినవారు పుస్తకంలోని ఐదు గీతల మీద ఉన్న గుర్తులను చూడగానే రాగాన్ని గ్రహించగలరు. అంతేకాక, చెవిన పడిన పాటను ఆ గుర్తులలోకి మార్చి వ్రాయగలరు. డబ్లిన్‌లో మార్గరెట్ సంపాదించిన ఈ నైపుణ్యం పదిహేడు సంవత్సరాల తరువాత, వేల మైళ్ళ దూరంలో ఉన్న మదనపల్లెలో అక్కరకు వచ్చింది.

1903లో ఆమె కవి, నాటక రచయిత అయిన జేమ్స్ కజిన్స్‌ను వివాహం చేసుకొన్నది. సంగీతం బోధిస్తూ, సాహితీపరుల నడుమ ప్రశాంతంగా గడపడానికి కావలసిన పరిస్థితులన్నీ ఆమెకు ఉన్నాయి. కాని 1906లో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో జరిగిన ఒక మహిళా సమావేశం ఆమె జీవితమార్గాన్ని మలుపు తిప్పింది. ఆనాడు బ్రిటిషు పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు లేదు. చదువుకొన్న స్త్రీకి సైతం తనను పాలించే చట్టాల విషయంలో నోరు మెదిపే హక్కు లేదు. ఈ అన్యాయాన్ని ఎదిరించడానికి 1908లో ఆమె హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ అనే సంస్థను స్థాపించింది.

సున్నితమైన సంగీతాభ్యాసానికి అలవాటు పడిన ఆ వేళ్ళు రాళ్ళను పట్టుకోవలసి వచ్చింది. 1910లో లండను నగరంలో మహిళలు జరిపిన నిరసనలో పాల్గొన్న మార్గరెట్, కిటికీ అద్దాలు పగులగొట్టిన నేరానికి హాలోవే చెరసాలలో నెల రోజులు గడిపింది. 1913 జనవరిలో డబ్లిన్ కోట కిటికీలను పగులగొట్టి మరొకసారి శిక్షకు గురైంది. టల్లమూర్ చెరసాలలో తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని తోటివారితో కలిసి నిరాహారదీక్ష చేసింది. ఓటు కోసం ఆకలిని భరించిన ఆ అనుభవం ఆమెను కుంగదీయలేదు, పదును పెట్టింది.

దివ్యజ్ఞాన సమాజ భావాలు కజిన్స్ దంపతులను భారతదేశం వైపు ఆకర్షించాయి. అనీబిసెంట్ ఆహ్వానంపై వారు 1915లో మద్రాసు చేరుకొన్నారు. జేమ్స్ ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో పనిచేయసాగాడు. 1916లో ఐర్లండులో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును సమర్థిస్తూ వ్రాసిన వ్యాసం కారణంగా ఆయన ఆ కొలువును వదలవలసి వచ్చింది. అప్పుడు వారికి ఆశ్రయమిచ్చిన ఊరు మదనపల్లె. అనీబిసెంట్ అక్కడ 1915లో కళాశాలను నెలకొల్పింది. జేమ్స్ ఆ కళాశాలలో చేరి తరువాత ప్రధానాచార్యుడైనాడు.

భర్త కొలువు కారణంగా వచ్చిన ఊరిలో మార్గరెట్ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. స్థానిక స్త్రీలను ఒకచోట చేర్చి అబలా అభివర్ధినీ సమాజం అనే సంఘాన్ని నడిపింది. గడప దాటడమే గగనమైన కాలమది. పదిమంది స్త్రీలు ఒకచోట కూర్చొని తమ కష్టసుఖాలను, చదువు సంధ్యలను గురించి మాట్లాడుకోవడమే ఆనాటికి ఒక విప్లవం. ఐర్లండులో రాళ్ళు విసిరిన వ్యక్తి ఇక్కడ మాత్రం ఓర్పుతో పనిచేయడాన్ని అలవరచుకొన్నది. దేశకాలాలను ఎరిగి పద్ధతిని మార్చుకోవడం ఆమె వివేకానికి నిదర్శనం.

ఈ అనుభవం పెద్ద ప్రయత్నానికి పునాది అయింది. 1917 మే 8న అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. అనీబిసెంట్ దానికి అధ్యక్షురాలు. మార్గరెట్ దాని స్థాపకులలో ఒకరు. ఆ ఏడాది భారత వ్యవహారాల మంత్రి మాంటేగు రాజకీయ సంస్కరణలను గురించి అభిప్రాయాలు సేకరించడానికి మన దేశానికి వచ్చాడు. ఈ అవకాశాన్ని జారవిడువరాదని భావించిన మార్గరెట్, స్త్రీల పక్షాన వినతిపత్రాన్ని సిద్ధం చేసింది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళా ప్రతినిధి వర్గం మద్రాసులో ఆయనను కలిసి, పురుషులతోపాటు స్త్రీలకు కూడా ఓటు హక్కు కావాలని కోరింది. 1919 నాటి సంస్కరణలు ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు విడిచిపెట్టాయి. 1921లో బ్రిటిషు పాలనలోని రాష్ట్రాలన్నింటిలో మొట్టమొదట మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు హక్కును అంగీకరించింది. ఆస్తి మొదలైన అర్హతలున్న కొద్దిమందికే పరిమితమైనా, మూసిన తలుపు తెరుచుకొన్నది.

ఉద్యమ జీవితంలో మునిగిన ఆమెలోని సంగీతజ్ఞురాలు మాత్రం ఎన్నడూ నిద్రించలేదు. దానికి నిదర్శనం 1919 ఫిబ్రవరి. హోంరూలు ఉద్యమంలో పాల్గొన్నందువల్ల మదనపల్లె కళాశాల 1917లో మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపును కోల్పోయి, అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రుడు. దక్షిణ భారత పర్యటనలో అలసిన ఆయన కొద్దిరోజుల విశ్రాంతికై మదనపల్లెకు విచ్చేసి కళాశాలలో విడిది చేశాడు. విద్యార్థులు, ఉపాధ్యాయులు వారానికొకసారి చేరి పాటలు పాడుకొనే ఆనవాయితీ అక్కడ ఉండేది. ఒక సాయంకాలం ఆ కూటమిలోకి వచ్చి కూర్చొన్న కవి, తానూ ఒక పాట పాడాడు. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారిగా వినిపించిన జనగణమన. బెంగాలీ భాష తెలియని ఆ శ్రోతలకు అందులోని నదుల పేర్లు, కొండల పేర్లు, ప్రాంతాల పేర్లు తెలుస్తూనే ఉన్నాయి. పల్లవి దగ్గరికి వచ్చేసరికి వారు కూడా గొంతు కలిపారు. మళ్ళీ మళ్ళీ పాడమని కోరారు.

మరునాటికి మరచిపోకుండా ఆ పాటను నిలుపుకోవడం ఎలా? మన దేశంలో సంగీతం ప్రధానంగా గురుముఖంగా వచ్చే విద్య. విన్నది కంఠస్థం చేయడమే పద్ధతి. కాని విన్నవాడు మారితే పాట కొంత మారుతుంది. కాలం గడిస్తే మరికొంత మారుతుంది. ఈ సందర్భంలో మార్గరెట్ విద్య ఉపకరించింది. పాటలోని ఒక్కొక్క స్వరం ఎంత ఎత్తులో ఉన్నదో, ఎంతసేపు నిలుస్తున్నదో గమనించి ఆమె దానిని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసింది. ఐదు గీతలలో గుర్తు ఉన్న స్థానం స్వరస్థాయిని తెలుపుతుంది. గుర్తు ఆకారం కాలప్రమాణాన్ని తెలుపుతుంది. భారతీయ సంగీతంలోని గమకాలన్నింటినీ ఆ లిపిలో ఇమడ్చడం కష్టం. అయితే ఈ బాణీకి ఆధారమైన బిలావల్ స్వరాలు మన శంకరాభరణ స్వరాలే. పాశ్చాత్యులు మేజర్ అని పిలిచే స్వరక్రమం కూడా అదే. అందువల్ల రెండు సంగీత సంప్రదాయాలు ఆ పాటలో సులభంగా కలుసుకొన్నాయి.

బాణీ రవీంద్రునిదే. మార్గరెట్ దానిని సృష్టించలేదు; భద్రపరచింది. కొత్తగా రచించడం ఎంత గొప్పదో, ఇతరుల రచనను వికృతి చెందకుండా ముందు తరాలకు అందించడం కూడా అంత బాధ్యతతో కూడిన పని. ఆ రోజులలోనే, ఫిబ్రవరి 28న, రవీంద్రుడు ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి భారతదేశపు ప్రభాతగీతంగా దానికి పేరు పెట్టాడు. కళాశాల దానిని నిత్యప్రార్థనగా స్వీకరించింది. ఆ గీతాన్ని జాతీయగీతంగా ఎన్నుకోవాలని 1937లో జేమ్స్ కజిన్స్ పత్రికాముఖంగా సూచించాడు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దానిని జాతీయగీతంగా ప్రకటించింది.

మదనపల్లె అనంతరం మార్గరెట్ కార్యరంగం విస్తరించింది. మంగళూరులోని జాతీయ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయిని అయింది. 1920వ దశకం తొలినాళ్ళలో మద్రాసు సమీపంలోని సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమింపబడింది. భారతదేశంలో ఆ పదవిని పొందిన మొదటి మహిళ ఆమె. 1926లో కమలాదేవి ఛటోపాధ్యాయను శాసనసభ ఎన్నికలలో పోటీకి ప్రోత్సహించింది. 1927 జనవరిలో పూనాలో జరిగిన అఖిల భారత మహిళా సభ తొలి సమావేశం వెనుక ఉన్న ప్రధాన ప్రేరణ ఆమెదే. స్త్రీవిద్యను సంస్కరించే లక్ష్యంతో ఆరంభమైన ఆ సభ క్రమంగా బాల్యవివాహాల నిషేధం, ఆస్తి హక్కు వంటి సమస్యలను చేపట్టింది. అంతటి సంస్థకు ప్రాణం పోసినా, దాని తొలి అధ్యక్షపీఠాన్ని భారతీయ మహిళ అలంకరించడమే ఉచితమని భావించిన తరుణంలో ఆమె వెనుకనే నిలిచింది. బరోడా మహారాణి చిమ్నాబాయి తొలి అధ్యక్షురాలైంది. దాదాపు పదేళ్ళ తరువాత, 1936లో, ఆ పీఠం మార్గరెట్‌ను వరించింది.

న్యాయపీఠం మీద కూర్చొన్న ఆ మహిళ ఒకనాడు న్యాయస్థానం ఎదుట ముద్దాయిగా నిలవవలసి వచ్చింది. శాసనోల్లంఘన ఉద్యమాన్ని అణచడానికి ప్రభుత్వం అత్యవసర ఆర్డినెన్సులను ప్రయోగిస్తున్న రోజులవి. వాక్స్వాతంత్ర్యాన్ని హరించే ఆ శాసనాలను మద్రాసు బహిరంగ సభలో ఖండించినందుకు 1932 డిసెంబరులో ఆమెను నిర్బంధించి ఒక సంవత్సరం శిక్ష విధించారు. అప్పటికి ఆమె వయస్సు యాభై నాలుగేళ్ళు. పాలకుల జాతికి చెందిన స్త్రీగా కనిపించే ఆమె మౌనంగా ఉండి సుఖంగా జీవించి ఉండవచ్చు. కాని హాలోవే, టల్లమూర్ చెరసాలలు చూసిన ఆమెకు వేలూరు చెరసాల భయం గొలుపలేదు. 1933 అక్టోబరులో ఆమె విడుదలైంది.

చెరసాల నుండి వచ్చిన తరువాత కూడా ఆమె సంగీతాన్ని విడువలేదు. ప్రాచ్య, పాశ్చాత్య సంగీత రీతుల మధ్య అవగాహనను పెంపొందించే వ్యాసాలతో 1935లో ఒక గ్రంథాన్ని వెలువరించింది. ఒకరి సంగీతాన్ని మరొకరు గౌరవంతో వినడం నేర్చుకొంటే జాతుల మధ్య దూరాలు తగ్గుతాయన్నది ఆమె విశ్వాసం. 1940వ దశకంలో పక్షవాతం ఆమెను మంచానికి పరిమితం చేసింది. ఆమె సేవలను గుర్తించి మద్రాసు ప్రభుత్వం, పిదప ప్రధానమంత్రి నెహ్రూ ఆర్థిక సహాయం అందించారు. తాను కోరిన స్వతంత్ర భారతాన్ని కన్నులారా చూసి, 1954 మార్చి 11న ఆమె తుదిశ్వాస విడిచింది. రెండేళ్ళ తరువాత జేమ్స్ మదనపల్లెలో కన్నుమూశాడు.

మార్గరెట్ జీవితంలో సంగీతం ఒక భాగమని, ఉద్యమం మరొక భాగమని పైకి తోస్తుంది. పరిశీలిస్తే ఈ రెండింటికీ మూలం ఒకటే. గాలిలో కలిసిపోయే స్వరాన్ని విని దానికి శాశ్వతత్వం కల్పించడం సంగీతజ్ఞురాలిగా ఆమె చేసిన పని. ఇంటి నాలుగు గోడల మధ్య అణగిపోయే స్త్రీల గొంతును విని, దానికి ఓటుగా, సభగా, సంఘంగా రూపం కల్పించడం ఉద్యమకారిణిగా ఆమె చేసిన పని. శ్రద్ధగా వినడం అనే గుణమే ఈ రెండింటికీ ఆధారం. నేర్చిన విద్య ఏదైనా వ్యర్థం కాదు. దానిని లోకహితానికి వినియోగించే మనస్సు కావాలి. జాతీయగీతం వినిపించిన ప్రతిసారీ మదనపల్లెలోని ఆ సాయంకాలాన్ని, ఆ ఐదు గీతల కాగితాన్ని స్మరించుకోవడం ఆమెకు అర్పించే నిజమైన నివాళి.

ప్రశ్నలు

1. మార్గరెట్ కజిన్స్ జీవితంలో సంగీతానికి, స్త్రీల ఉద్యమానికి గల సంబంధాన్ని వివరించండి.
2. 1919లో మదనపల్లె కళాశాలలో జరిగిన సంఘటనను వర్ణించండి.
3. బాణీని సృష్టించడానికి, భద్రపరచడానికి గల భేదాన్ని తెలపండి.
4. స్త్రీల ఓటు హక్కు కోసం మద్రాసులో జరిగిన ప్రయత్నాలను సంగ్రహంగా వ్రాయండి.
5. మార్గరెట్ కజిన్స్ అనుభవించిన కారాగార శిక్షలను, వాటి కారణాలను పేర్కొనండి.