చెడితే ఆగాలి: జార్జి వెస్టింగ్‌హౌస్ జీవితం

పిల్లలూ! పెద్దవాళ్ళ బదిలీలతో ఊరూరూ తిరిగే మనకు రైలు కొత్త కాదు. రైలు ఎంత వేగంగా పోతుందో అందరం చెప్పుకుంటాం. అది సరైన చోట ఎలా ఆగాలా అని జీవితంలో ఎన్నో ఏళ్ళు ఆలోచించిన ఒక మనిషి గురించి ఈసారి తెలుసుకుందాం.

జార్జి వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబరు 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రికి వ్యవసాయ యంత్రాలు తయారుచేసే కార్ఖానా ఉండేది. జార్జికి అదే బడి. కాలేజీలో చేరినా కొద్ది నెలలకే మానేసి మళ్ళీ కార్ఖానాకే వచ్చారు.

ఆ రోజుల్లో రైలు ఆపాలంటే డ్రైవరు కూత వేసేవాడు. అది విని బ్రేకు పనివాళ్ళు పెట్టెల మీదకెక్కి, ఒక్కొక్క పెట్టె బ్రేకునూ చేత్తో తిప్పి బిగించేవారు. కదిలే రైలు మీంచి జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో! రెండు గూడ్సు రైళ్ళు ఢీకొన్న ప్రమాదం జార్జిని ఆలోచనలో పడేసింది. 1869లో, 22 ఏళ్ళ వయసులో, ఆయన గాలి బ్రేకుకు పేటెంటు పొందారు. డ్రైవరు ఒక్కడే అన్ని పెట్టెలకూ బ్రేకు వేయగలిగాడు.

అయితే అందులో ఒక చిక్కు ఉంది. గొట్టంలోకి గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872 నాటికి జార్జి ఈ పద్ధతిని తలకిందులు చేశారు. గొట్టంలో ఎప్పుడూ గాలి ఒత్తిడి ఉంటుంది. అది తగ్గితే బ్రేకు పడుతుంది. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా రైలు దానంతట అదే ఆగుతుంది.

అదే 1872లో విలియం రాబిన్‌సన్ అనే ఇంజనీరు సిగ్నల్‌కు ఇలాంటి ఉపాయమే కనిపెట్టారు. పట్టాలను భాగాలుగా విడదీసి, ప్రతి భాగానికీ ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే పెట్టారు. పట్టాల గుండా కరెంటు రిలేకు అందుతున్నంతసేపూ దారి ఖాళీ అని అర్థం. రైలు వస్తే దాని చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు రిలే దాకా పోదు, సిగ్నల్ ఆగమంటుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా అంతే. జార్జి ఆ పేటెంట్లు కొని, 1881లో యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీ స్థాపించారు.

1904లో న్యూయార్క్ నగరంలో భూగర్భ రైలు మొదలైంది. రైళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చే చోటు అది. అక్కడి సిగ్నళ్ళు ఈ కంపెనీవే. రైలును నడిపే డీసీ కరెంటు కూడా అవే పట్టాల్లో తిరిగిపోతుంది కాబట్టి, సిగ్నల్‌కు వేరుగా గుర్తుపట్టేలా ఏసీ కరెంటు వాడారు. ఎర్రదీపం ఉంటే పట్టాల పక్కన ఒక ఇనుప చెయ్యి లేచి నిలబడుతుంది. డ్రైవరు ఏమరుపాటున దాటితే అది రైలు కింది వాల్వుకు తగులుతుంది. గాలి బయటికి పోతుంది, బ్రేకు పడుతుంది. జార్జి బ్రేకూ, కంపెనీ సిగ్నలూ అలా చేతులు కలిపాయి.

1907 ఆర్థిక సంక్షోభంలో ఆయన తన విద్యుత్ కంపెనీ మీద పట్టు కోల్పోయారు. 1914 మార్చి 12న కన్నుమూశారు. అప్పటికి ఆయన పేర 300కు పైగా పేటెంట్లున్నాయి.

2017లో మొదలైన హైదరాబాద్ మెట్రోలో రైలు తానెక్కడ ఉందో రేడియో ద్వారా చెబుతూ ఉంటుంది. ఆ మాట అందకపోతే రైలు ఆగిపోతుంది. సాధనాలు మారాయి, సూత్రం మాత్రం అదే. ఈసారి రెండు స్టేషన్ల మధ్య మెట్రో ఆగితే విసుక్కోకుండా కాసేపు ఓపిక పడదాం. మన ప్రాణాలకు కాపలా కాసే ఏర్పాటు ఏదో తన పని తాను చేస్తూ ఉండవచ్చు.