ఘంటసాల గొప్పా కాదా? ముందు వినండి



మన రాయగడ, కొరాపుట్‌లలో తెలుగువాళ్లు నలుగురు చేరితే పాటల మాట వస్తుంది. ఘంటసాలను మించినవాడు లేడని ఒకరంటారు. ఆయన సినిమా గాయకుడే, కచేరీ విద్వాంసుల సరసన ఎలా కూర్చోబెడతాం అని ఇంకొకరు. పిల్లలేమో బాలు గారే గొప్ప అంటారు.

తేల్చే ముందు ఆయన జీవితం తెలుసుకోండి. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. సంగీతం కోసం విజయనగరం వచ్చారు. మన రాయగడలో రైలెక్కితే చేరే ఊరే అది. అక్కడ మధూకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి తిని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు.

కచేరీ కొలతతో చూసేవారి మాట తీసిపారేయలేం. అయితే ఆ శాస్త్రీయ విద్యతోనే ఆయన పద్యాన్ని ప్రతి మాటా తెలిసేలా పాడి, చదువురాని ఇంటికీ చేర్చారు. బయట ఒడియా, బళ్లో తెలుగుతో పెరిగే మన పిల్లలకు ఆ ఉచ్చారణే పాఠం. ఇంట్లో రోజుకో పద్యం వినిపించండి. తర్వాత ఎంతైనా వాదించుకోండి!