స్వయంపఠనశీలి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

తిరుపతి వేంకటకవుల పేరు వినని తెలుగువారు అరుదు. శతావధానాలతో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి విద్యాభ్యాసానికి తొలి నెలవు యానాం అన్న సంగతి మాత్రం నేటి బాలబాలికలలో కొందరికే తెలిసి ఉంటుంది. ఆయన జీవితం కవులకే కాదు, పసిపిల్లల చేతికి పుస్తకం అందించే ప్రతి ఉపాధ్యాయునికీ, ప్రతి తల్లికీ తండ్రికీ పాఠం వంటిది.

వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన, ప్రమోదూత నామ సంవత్సర శ్రావణమాసంలో, గోదావరి మండలంలోని కడియం గ్రామంలో జన్మించారు. తరువాత వారి కుటుంబం యానాం చేరి స్థిరపడింది. అప్పటి యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోని చిన్న పట్టణం. చుట్టూ ఉన్నది ఆంగ్లేయుల పాలనలోని గోదావరి జిల్లా. రెండు పరాయి ప్రభుత్వాల నడుమ ఉన్న ఆ ఊరిలోనే ఆ బాలుడు తెలుగు, సంస్కృతం, ఆంగ్లం అభ్యసించాడు. కానుకుర్తి భుజంగరావుగారు, అల్లంరాజు సుబ్రహ్మణ్యకవిగారు మున్నగువారు ఆయనకు గురువులు.

గురువుల బోధతోపాటు ఆయనకు మరొక భాగ్యం లభించింది. వంశంలోని పూర్వులొకరు కావ్యకర్తలు. వారు సేకరించిన తాళపత్ర గ్రంథాలు ఇంటిలోనే అందుబాటులో ఉండేవి. పుస్తకం కొనగల స్తోమత కొద్దిమందికే ఉన్న ఆ రోజులలో, చేయి చాచితే అందేంత దూరంలో గ్రంథాలుండటం సామాన్యమైన సంగతి కాదు. తాటాకు గ్రంథం చదవడమూ తేలిక కాదు. గంటంతో గీసిన ఆ వ్రాతలో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. పద్యం సైతం పాదాలుగా విడివడక ఒకే వరుసగా సాగుతుంది. మాట ఎక్కడ ముగిసిందో, పాదం ఎక్కడ విరిగిందో చదువరి తనంతట తానే పోల్చుకోవాలి. అర్థం తెలిస్తేనే చదువు ముందుకు సాగుతుంది. అటువంటి గ్రంథాల నడుమ పెరిగిన బాలునికి చదవడమంటే అప్పగించిన పాఠాన్ని వల్లించడం కాదు. వెదకుకోవడం, విడదీసుకోవడం, గ్రహించడం.

అయితే స్వయంపఠనం ఒక్కటే చాలునా? ఈ ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం చెప్పింది. పదునెనిమిదవ ఏట ఆయన యానాం వేంకటేశ్వరస్వామిపై ఒక శతకం రచించారు. అందులోని వ్యాకరణ దోషాలను పండితులు ఎత్తిచూపారు. యువకవి సిగ్గుపడ్డాడు. కాని కలం కింద పెట్టలేదు. విమర్శించినవారిపై అలిగి కూర్చోనూ లేదు. కాశీకి వెళ్ళి వ్యాకరణం నేర్వాలని నిశ్చయించుకున్నాడు. చేతిలో ధనం లేనందున ఆ కోరిక వెంటనే తీరలేదు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిలో వ్యాకరణాధ్యయనం సాగింది. అక్కడనే దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు ఆయనకు సహాధ్యాయి అయ్యారు. తరువాత వేంకటశాస్త్రిగారు కాశీయాత్ర కూడా చేసి వచ్చారు. తప్పు దిద్దిన పండితుల మాటే ఆయనను గురువు చెంతకూ, జీవితకాల మిత్రుని చెంతకూ చేర్చింది.

ఇరువురూ జంటకవులై అవధానాలు చేశారు, సంస్థానాలు సందర్శించారు, శ్రవణానందము, బుద్ధచరిత్ర, దేవీభాగవతము మున్నగు గ్రంథాలు రచించారు. వారి పాండవోద్యోగ విజయ నాటకాల పద్యాలు అక్షరజ్ఞానం లేని పల్లెప్రజల నోటనూ పలికాయి. 1920లో తిరుపతిశాస్త్రిగారు అస్తమించిన పిదప కూడా వేంకటశాస్త్రిగారు తమ రచనలను జంటపేరుతోనే వెలువరించిన స్నేహశీలి.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఆయన తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేలూరి శివరామశాస్త్రి వంటివారు ఆయన శిష్యులు. వారిలో ఒక్కరూ గురువుగారికి ప్రతిబింబంగా మిగలలేదు. విశ్వనాథవారు నవలలోను, మహాకావ్యంలోను తమదైన మార్గం తొక్కి, తెలుగునకు తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చారు. పింగళి, కాటూరి కవులు జంటగా సౌందరనందము రచించారు. శిష్యుడు తన త్రోవను తానే వెదకుకొనేటట్లు చేయడం కన్న గురువునకు వేరే కీర్తి లేదు. వార్ధక్యంలో ఆయన వ్రాసిన కథలు-గాథలు అన్న వ్యాసాలలో ఎదుట కూర్చొని ముచ్చటిస్తున్నట్లుండే సరళమైన శైలి కనిపిస్తుంది. మహాపండితుడు సామాన్య చదువరి కోసం తన భాషను తేలిక చేసుకోవడం చిన్న విషయం కాదు.

1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిగా నియమించి గౌరవించింది. 1950 ఫిబ్రవరి 15న, శివరాత్రి పర్వదినాన, ఆయన పరమపదించారు. ఆయన చదువుకున్న యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొందింది.

ఈ జీవితం నుండి ప్రాథమిక పాఠశాల గ్రహించవలసినవి రెండున్నాయి. మొదటిది: పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంచడానికి కాదు, పిల్లవాని చేతికందే ఎత్తులో ఉండాలి, ఏది కావాలో వాడే ఎంచుకోవాలి. కష్టమైతే విడిచి వేరొకటి తీసుకొనే స్వేచ్ఛ కూడా వానికి ఉండాలి. చదివిన కథను ఇంటిలో చెప్పగా వినేందుకు తల్లిదండ్రులు కొంత సమయం కేటాయించాలి. రెండవది: ఆ స్వేచ్ఛకు తోడు, తప్పును దిద్దే పెద్ద ఒకరుండాలి. ఎంపిక లేని చదువు వల్లెవేత అవుతుంది. దిద్దుబాటు లేని చదువు దోషాలతోనే నిలిచిపోతుంది. ఆ రెండూ సమకూరినందువల్లనే యానాంలో ఒక బాలుడు మహాకవి కాగలిగాడు. అగ్రహారం వీధులలో నేడు సంచి భుజాన వేసుకొని బడికి నడిచే చిన్నారులకు ఆ రెండింటినీ సమకూర్చడమే ఆయనకు ఈ ఊరు అర్పించగల నిజమైన నివాళి.