తోపుడు బండి నుంచి ఒలింపిక్ ట్రాక్‌కి

కోచింగ్‌కి డబ్బుల్లేవు, పార్ట్‌టైమ్ పనితో టైమ్ చాలట్లేదు... మీ దిగులు ఇదేనా? అయితే పావో నుర్మి గురించి తెలుసుకోవాల్సిందే.

1897లో ఫిన్లాండ్‌లోని తుర్కులో పుట్టాడు. వడ్రంగి అయిన తండ్రి 1910లో చనిపోవడంతో చదువు ఆగింది. బేకరీలో పనికి కుదిరాడు. బరువైన తోపుడు బండిని ఎత్తులెక్కించేవాడు. తన కాళ్లకీ నడుముకీ బలమిచ్చింది ఆ బండేనని తర్వాత చెప్పేవాడు.

పని అయ్యాకే పరుగు. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచినా, 5000 మీటర్లలో ఫ్రాన్స్ రన్నర్ గిల్మో చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని సాధన మొదలెట్టాడు. పక్కవాళ్లని కాదు, గడియారాన్ని చూసుకుంటూ, మొదటి రౌండ్ నుంచి చివరిదాకా ఒకే వేగం నిలబెట్టడం నేర్చుకున్నాడు. ఫలితం? 1924 పారిస్‌లో ఒకే రోజు 1500, 5000 మీటర్ల స్వర్ణాలు! మొత్తంగా ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు, 3 రజతాలు.

1932లో మారథాన్ పరిగెత్తాలని ఆశపడ్డాడు. పోటీలకు డబ్బు తీసుకున్నాడంటూ, అమెచ్యూర్ కాదని నిషేధించారు. ఆ తలుపు మూసుకుపోయినా కూర్చుండిపోలేదు. ఇళ్లు కట్టించే వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి వచ్చింది ఆయనే. 1973లో కన్నుమూశాడు.

మీరూ మాక్ టెస్ట్‌లో మార్కులు చూసి పేపర్ పక్కన పడేయకండి. ఏ సెక్షన్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వచ్చేవారం మళ్లీ రాసి, పోల్చి చూసుకోండి.