కణమర్మజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు

మానవశరీరమందలి కణములలో వంశలక్షణములను వహించు డి.ఎన్.ఎ. అను సన్నని పోగు కలదు. కణము విభజన చెందని వేళలందును ఈ పోగు నీటివలనను, ప్రాణవాయువు వలనను దినమునకు వేలసార్లు దెబ్బతినుచుండును. చెడిన ముక్కను ఒక ఎంజైము కోసివైచును. వేరొకటి క్రొత్త ముక్కను నింపును. కడపటిది అతుకు వేయును. ఈ మరమ్మతునకు వలయు రెండు పదార్థముల చరిత్రతో ఒక తెలుగువాని పేరు ముడివడియున్నది. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరమున పేదకుటుంబమునందు జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవసారి మద్రాసులో గట్టెక్కెను. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. యౌవనముననే ఆయన సోదరులిరువురు స్ప్రూ అను ప్రేగులవ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధికి నాడు సరియైన మందు లేదు.

భార్యను స్వదేశమున విడిచి, సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరము చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కూడి 1925లో రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని వెలయించెను. 1929లో వారు కండరమునుండి ఎ.టి.పి.ని వేరుచేసిరి, అదే ఏట జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. మన కణములలో తెగిన డి.ఎన్.ఎ.ను అతుకు ఎంజైమునకు శక్తినిచ్చునది ఈ ఎ.టి.పి.యే.

హార్వర్డున స్థిరమైన పదవి లభింపక 1940లో లెడర్లీ ఔషధసంస్థను చేరెను. ఆయన నాయకత్వమున 1945లో అచటి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. డి.ఎన్.ఎ.లోని థైమిన్ అను అంశము తయారగుటకు ఇది అవసరము. ఇది కొరవడినచో థైమిన్ స్థానమున యురాసిల్ చొరబడును. మరమ్మతు ఎంజైము దానిని కోసివైచినను, ఆ చోట మరల యురాసిలే చేరును. తుదకు పోగు తెగును. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి ఫోలిక్ ఆమ్లముతో శమించుట వెంటనే తేటపడెను. వారికి మాత్రము అది అందలేదు.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ కూడ లెడర్లీలోనే పుట్టెను. దానితో సిడ్నీ ఫార్బర్ రక్తపుక్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, 1948లో తాత్కాలికోపశమనమును చూపెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలోనున్నది.

1948 ఆగస్టులో, తన 53వ ఏట, సుబ్బారావు న్యూయార్కున కన్నుమూసెను. స్వదేశమును మరల చూడలేదు. డి.ఎన్.ఎ. నిర్మాణము తెలియుటకు అప్పటికింకను అయిదేండ్లు గడువున్నది. నేడు బోయిగూడ మందులయంగడిలోను ఫోలిక్ ఆమ్లపు మాత్ర సులభముగ దొరకును. పరీక్ష తప్పిన విద్యార్థికిని, వానిని చూచి నిరాశ చెందు ఉపాధ్యాయునకును ఆ చిన్న మాత్ర చెప్పవలసిన కథ ఇదియే.